పికప్ బండిలో ఆయిలు మాడు వాసన

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములలో నేడు పంట చేను విడిచి మార్కెటు చేరుట పెక్కుచోట్ల పికప్ బండిమీదనే జరుగుచున్నది. ప్రత్తి, మిరప బస్తాలు నింపుకొని వరంగల్లు ఏనుమాముల మార్కెటుకు తెల్లవారుజామున పోవు బండ్లు పంటకాలమున దారిపొడవునను కనబడును. అట్టి బండి నడుమ నిలిచిపోయినచో రైతు ఆనాటి జెండాపాటను, యజమాని ఆనాటి కిరాయిని కోల్పోవుదురు. ఇంజను చాలవరకు చెప్పక చెడదు. ముందుగా ఆయిలు మాడిన వాసనతో తెలియజేయును. పాత బండికి ఆ మాత్రము సహజమేయని దానిని కొట్టివేయుట మన డ్రైవర్లలో పలువురు చేయు పొరపాటు.

మొదట ఆ వాసన ఆయిలుదో కాదో నిర్ణయింపవలెను. క్లచ్ ప్లేటు కాలినచో కాగితము కమిలినట్టి ఘాటు వాసన వచ్చును. గట్టు ఎక్కునపుడు, బరువుతో బండిని కదల్చునపుడు అది హెచ్చగును. బ్రేకు పట్టివేసినచో వాసన ఒక చక్రముకడనే యుండి, ఆ చక్రము తక్కినవానికంటె వేడెక్కియుండును. రేడియేటరు కూలెంటు కారినచో వాసన తియ్యగా నుండును. ప్లాస్టిక్కు కాలిన వాసన వైరింగుది. అప్పుడు తక్షణమే ఇంజను ఆపి బ్యాటరీ తీగ విప్పవలెను. పొయ్యిమీద మరచిన మూకుటిలో నూనె పొగచూరినట్లున్న వాసనయే ఆయిలుది.

ఇంజనునుండి పొగను సైలెన్సరులోనికి పంపు మానిఫోల్డు కొన్ని వందల డిగ్రీల వరకు వేడెక్కును. దానిపై నాలుగు చుక్కల ఆయిలు పడినను చాలును. బండి పోవుచున్నంతసేపు గాలి ఆ పొగను వెనుకకు కొట్టివేయును. రైల్వే గేటుకడనో, కాంటాకడనో ఆగినప్పుడు అది క్యాబినులోనికి వచ్చును. కావున ఆగినప్పుడే వాసన వచ్చుచు, సైలెన్సరు పొగలో నీలిరంగు లేనిచో, ఆయిలు వెలుపల కారుచున్నదని భావింపవచ్చును. నీలిపొగ కనబడినచో అది ఇంజను లోపలనే కాలుచున్నది. మొదటిది చిన్న ఖర్చు. రెండవది పెద్దది కావచ్చును.

ఇటీవలనే ఆయిలు మార్పించియున్నచో, ఒలికిన చుక్కలు కాలిపోవువరకు ఒకటి రెండు రోజులు వాసన వచ్చుట కలదు. అయినను ఆయిలు ఫిల్టరు బిగువును, అడుగునున్న డ్రెయిను బోల్టును ఒకమారు చూడవలెను. వాసన తగ్గనిచో ఇంజను చల్లారిన పిదప గుడ్డతో జిడ్డంతయు తుడువవలెను. భూపాలపల్లి వైపు బొగ్గు దుమ్ములో తిరుగు బండ్లకు ఈ పని మరియు అవసరము. దుమ్మును ఆయిలును కలిసి తారువలె పేరుకొని, కారుచోటును కప్పివేయును. తుడిచిన చోట, బెల్టుకు గాలి గొట్టమునకు తగులకుండ, ముఖమునకు రాసికొను పౌడరు కొద్దిగ చల్లి 20, 30 కిలోమీటర్లు నడిపి చూచినచో ఆయిలు నడచిన జాడ నల్లగా కనబడును. ఆయిలు క్రిందికి జారును, గాలికి వెనుకకు పోవును. కావున తడిసిన చోట్లలో అన్నిటికంటె ఎత్తైనదానిని మొదట అనుమానింపవలెను. నేలమీద చుక్క చూచినంతనే అడుగు సీలు మార్పించుట వృథా వ్యయము.

తరచుగా దోషము ఇంజను తలపైనుండు ట్యాపెట్ కవరు ప్యాకింగుది. ఏండ్ల తరబడి వేడికి ఆ రబ్బరు గట్టిపడి పగులును. క్రొత్తది వేయునపుడు రెండు అంచులను శుభ్రపరచి, బోల్టులను నడుమనుండి చివరలకు కొంచెము కొంచెముగా, తయారీదారులు చెప్పిన బిగువుకే బిగింపవలెను. బలముకొలది బిగించినచో కవరు వంగి మరల కారును. ప్యాకింగు పేస్టు దండిగా పూసిన మేలని కొందరు తలంతురు. లోనికి పొంగిన పేస్టు ముక్క ఆయిలు పంపు జల్లెడకు అడ్డుపడినచో ఇంజనుకే ముప్పు. మార్చిన కొలదికాలమునకే మరల కారినచో తప్పు ప్యాకింగుది కాకపోవచ్చును. ఇంజను లోపలి ఆవిరిని వదలు బ్రీదరు గొట్టము పూడినచో, లోపలి ఒత్తిడి ఆయిలును దొరికిన సందుగుండ నెట్టును. దీనిని శుభ్రపరచుటకు పట్టు ఖర్చు స్వల్పము. అది చూడక సీళ్ళు మార్చు మెకానిక్కును ప్రశ్నింపవలెను. గుర్తుకు మించి ఆయిలు పోసినను ఇట్టి కారుడే కలుగవచ్చును.

ఇక నీలిపొగ. ఉదయము స్టార్టు చేసినప్పుడు మాత్రమే వచ్చి పోయినచో వాల్వు సీళ్ళను, బరువుతో ఎత్తు ఎక్కునపుడు ఎడతెగక వచ్చినచో రింగులను, టర్బోను అనుమానింపవలెను. రింగులు పోయినవని వినినంతనే ఇంజను విప్పింపక, ముందు కంప్రెషన్ పరీక్ష చేయించుట మేలు. టర్బో గల బండిని బరువుతో దూరము నడిపినపుడు, ఆపుటకు ముందు ఒకటి రెండు నిమిషములు ఊరక తిరుగనీయవలెను. లేనిచో వేడి టర్బోలో నిలిచిన ఆయిలు మాడి బొగ్గగును.

కారుచున్న బండిని తప్పక నడుపవలసివచ్చినచో ప్రతి ఉదయము సమతలముపై, ఇంజను ఆపిన 10 నిమిషముల పిదప, డిప్‌స్టిక్కు తీసి ఆయిలు రెండు గుర్తుల నడుమ నున్నదో లేదో చూడవలెను. ఆయిలు ఎర్రదీపము వెలిగినచో మరియొక కిలోమీటరైనను పోరాదు. ప్రత్తి బండ్లకు ఇంకొక జాగ్రత్త కలదు. రాలిన దూది, ఎండుగడ్డి సైలెన్సరు సమీపమున ఆయిలు జిడ్డుకు అంటుకొనియుండును. బస్తాలు ఎత్తకముందే దానిని లాగివేయవలెను. బానెటునుండి మంట కనబడినచో అందరును దిగి దూరముగా పోవలెను. బానెటును ఒక్కమారుగా ఎత్తరాదు. గాలి తగిలి మంట ఎగయును. మండు ఆయిలుపై నీరు పోయరాదు. మంటలార్పు సిలిండరు లేనప్పుడు చిన్న మంటపై ఇసుకయో, పొడిమన్నో చల్లవచ్చును.