ఆపదలో సర్కారు సాయం ఎవరికి, ఎప్పటిదాకా?

2024 ఆగస్టు 31న పట్టుకున్న వాన తెల్లారేసరికి సూర్యాపేట జిల్లా కోదాడ వీధుల్ని వాగులు చేసింది. కార్లు కొట్టుకుపోయాయి. ఇద్దరు ప్రాణాలు కోల్పోయారు. నడిగూడెం మండలంలో నాగార్జున సాగర్ ఎడమ కాలువకు గండిపడి పొలాలు నీటిపాలయ్యాయి. మృతుల కుటుంబాలకు 5 లక్షల రూపాయలు, నష్టపోయిన పంటకు ఎకరాకు 10 వేలు, తక్షణ అవసరాలకు సూర్యాపేట సహా వరద జిల్లాలకు 5 కోట్ల చొప్పున ఇస్తామని ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ప్రకటించారు.

ఇదంతా జనం కట్టిన పన్నుల సొమ్మే. దాన్ని ఇలా పంచడం సబబేనా?

సబబే. చేతిలో పైసా లేని ఇంటికి ఆపద వస్తే ముందు పుస్తెలతాడు గిరివికి పోతుంది, ఆ తర్వాత పాడిగేదె సంతకు పోతుంది. నూటికి మూడు రూపాయల వడ్డీకి 10 వేలు తెచ్చుకుంటే ఏడాదికి వడ్డీయే 3,600 అవుతుంది. వాన వారంలో వెలిసినా అప్పు ఏళ్ల తరబడి ఉంటుంది. సమయానికి అందిన సాయం ఆ అప్పు పుట్టకుండా ఆపుతుంది.

ఆపదంటే వరదే కాదు. 2020 ఏప్రిల్‌లో సూర్యాపేట మార్కెట్ ప్రాంతంలో కరోనా కేసులు పెరిగి పట్టణం మూతపడింది. ఏ పూటకాపూట కష్టం చేసుకునే కూలీలకు బయటికొచ్చే దారే లేకపోయింది. అప్పుడు రాష్ట్ర ప్రభుత్వం తెల్లకార్డు ఉన్న ఇళ్లకు మనిషికి 12 కిలోల బియ్యం, కుటుంబానికి 1,500 రూపాయలు ఇచ్చింది. వలస కూలీలకు 12 కిలోల బియ్యం, తలకు 500 రూపాయలు అందించింది.

ఊరికే ఇస్తే జనం సోమరులవుతారన్న వాదన పాతదే. ఆర్థికవేత్త అభిజిత్ బెనర్జీ, ఆయన సహచరులు ఆరు దేశాల్లోని నగదు సాయం పథకాలను పరిశీలించి 2017లో ఫలితాలు ప్రచురించారు. సాయం అందుకున్నవాళ్లు పని తగ్గించుకున్నారనడానికి ఆధారం దొరకలేదు. మన దగ్గరా చూశాం. లాక్‌డౌన్ సాగుతుండగానే 2020 మే నెలలో బిహార్ నుంచి 200 మందికి పైగా రైస్ మిల్లు హమాలీలు ప్రత్యేక రైల్లో తెలంగాణకు తిరిగొచ్చారు. మిర్యాలగూడ లాంటి చోట్ల మిల్లులు నడిచేది అలాంటి వాళ్ల రెక్కల మీదే.

తాత్కాలికమన్నది శాశ్వతమైపోతుందన్న భయంలో మాత్రం నిజముంది. కరోనా వేళ కేంద్రం మూడు నెలలకని మొదలుపెట్టిన ఉచిత బియ్యం 2022 డిసెంబరు దాకా సాగింది. ఆ మరుసటి నెల నుంచి ఆహార భద్రతా చట్టం కింద ఇచ్చే రేషనే ఉచితమైంది. ఆకలి ఏడాది పొడవునా ఉంటే దానికి శాశ్వత పథకమే ఉండాలి. ఆపద సాయానికి మాత్రం మొదలైన రోజునే గడువు కూడా చెప్పాలి. రాష్ట్ర ప్రభుత్వ 1,500 రూపాయల సాయం 2020 ఏప్రిల్, మే నెలలకే ఇచ్చి ఆపారు. అది సరైన పద్ధతి.

అసలు చిక్కు సాయం ఎవరికో తేల్చే జాబితాల్లో ఉంది. 2024 వరదల నాటి విపత్తు నిధి నిబంధనల ప్రకారం పంట కనీసం 33 శాతం దెబ్బతింటేనే పరిహారం. నీటి వసతి ఉన్న పొలానికి హెక్టారుకు 17 వేలు, అంటే ఎకరాకు దాదాపు 6,900 రూపాయలు. అదీ రెండు హెక్టార్ల వరకే. తెలంగాణ ప్రకటించిన 10 వేలు అంతకంటే మెరుగు. కానీ పాసుపుస్తకం ఎవరి పేరున ఉంటే డబ్బు వాళ్ల ఖాతాలోకే పోతే, పెట్టుబడి పెట్టి మునిగిన కౌలు రైతుకు ఏం మిగులుతుంది? కౌలుదార్లకు గుర్తింపు కార్డులివ్వాలని ఉమ్మడి రాష్ట్రంలో 2011లోనే చట్టం చేశారు. సాగర్ ఆయకట్టులో దాన్ని అమలు చేస్తే పరిహారం ఎవరికన్న తగువే ఉండదు.

రేషన్ కార్డులదీ ఇదే కథ. ఏళ్ల తరబడి ఎదురుచూసిన కుటుంబాలకు 2025 జులై 14న సూర్యాపేట జిల్లా తిరుమలగిరిలో కొత్త కార్డుల పంపిణీ మొదలైంది. తెల్లకార్డే ఆధారమైన 2020 సాయం అప్పటికి కార్డు లేని ఇళ్లకు అందే వీల్లేకపోయింది. అందుకే కౌలుదార్ల పేర్లు, కొత్త కాపురాలు, వలస కూలీల వివరాలు ఏటా వానాకాలానికి ముందే పంచాయతీల్లో, మున్సిపాలిటీల్లో నమోదు చేసి అందరికీ కనబడేలా గోడకు అంటించాలి. వాగు పొంగిన మర్నాడే డబ్బు ఖాతాలో వేయడానికి అప్పుడు వీలవుతుంది.