స్థలాల బేరం - సెల్‌ఫోను ప్రచారం

భూమి అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య నిలబడే మనిషిని వెనుక మధ్యవర్తి అన్నారు, దళారీ అన్నారు, యిప్పుడు ఏజెంటు అంటున్నారు. పేరేదైనా అతని పెట్టుబడి మాత్రం మాట మీద నమ్మకమే. ఆ నమ్మకం ఒకప్పుడు టీకొట్టు బల్ల మీదా, రిజిస్ట్రారు ఆఫీసు ముందు చెట్టుకిందా కుదిరేది. నేడు వాట్సాప్, యూట్యూబు, ఇన్‌స్టాగ్రాములలో కుదరవలసి వస్తున్నది. డిగ్రీ చేతికొచ్చి వుద్యోగం దొరికేలోగా యీ పనిలోకి దిగే మిత్రులు మనలో చాలామందే వున్నారు. దిగిన మర్నాడే రంగురంగుల లేఅవుటు బొమ్మ స్టేటస్‌లో పెట్టి "త్వరపడండి, కొద్ది ప్లాట్లే మిగిలాయి" అని రాసేస్తారు. అది కేక వేయడమే గాని ప్రణాళిక కాదు.

ముందు తేల్చుకోవలసినది ఎవరికి అమ్ముతున్నాం అన్నది. షాద్‌నగర్ వైపు 200 గజాల ప్లాటు వున్నదనుకుందాం. జీతాల మీద బతికే దంపతులకు బ్యాంకు అప్పు యిస్తుందా అన్నది ప్రశ్న. రిటైరైన మాస్టారికి కాగితాలు సరిగ్గా వున్నాయా అన్నది ప్రశ్న. డాలస్‌లో వున్న అబ్బాయికి, తాను లేనప్పుడు ఆ స్థలాన్ని ఎవరు చూస్తారన్నది ప్రశ్న. ముగ్గురికీ ఒకే బొమ్మ పంపితే ముగ్గురూ చూడకుండా తోసేస్తారు. డాలస్‌కూ మనకూ వేసవిలో 10½ గంటలు, చలికాలంలో 11½ గంటలు తేడా. మనం పొద్దున పదింటికి పంపితే అక్కడ అర్ధరాత్రి. శనివారం సాయంత్రం ఏడింటికి పంపితే వాళ్ళు కాఫీ తాగుతూ చూస్తారు.

తరువాత ప్రాంతం. అన్ని వూళ్ళలోనూ అమ్మేవాడికి ఏ వూరూ తెలియదు. ఒక రోడ్డు, రెండు మూడు గ్రామాలు ఎంచుకుని వాటిని క్షుణ్ణంగా చూపించాలి. జూలై వానలో ఆ దారి ఎలా వుంటుందో, బోర్లలో నీళ్ళున్నాయో లేదో, ఆఖరి బస్సు ఎన్నింటికో వీడియో తీయవచ్చు. "ఔటర్ రింగ్ రోడ్డుకు 15 నిమిషాలు" అని అందరూ రాస్తారు. ఏ వేళలో, ఏ బండి మీద అన్నది మాత్రం ఎవరూ రాయరు! పొద్దున తొమ్మిదింటికి స్వయంగా బయలుదేరి గడియారం చూపిస్తూ తీసిన వీడియో పది బొమ్మల పెట్టు.

వారానికి మూడు పోస్టులు చాలు. ఒకటి స్థలం గురించి. ఒకటి కాగితాల గురించి: లింకు డాక్యుమెంట్లంటే ఏమిటి, ఈసీ ఎలా చదవాలి, రిజిస్ట్రేషన్ చట్టంలోని 22-ఎ నిషేధిత జాబితా ఏమిటి, చెరువు పూర్తి నిల్వ మట్టం లోపల కొంటే ఏమవుతుంది. మూడవది వచ్చిన ప్రశ్నలకు జవాబులు. వివరంగా చెప్పేది యూట్యూబులో, ఒక్క చూపుకు సరిపడేది ఇన్‌స్టాగ్రాములో, బేరసారాలు వాట్సాప్‌లో. అయితే వాట్సాప్‌లో ఒకేసారి పలువురికి పంపే బ్రాడ్‌కాస్టు జాబితా సందేశం, మన నంబరు తమ ఫోనులో దాచుకున్నవాళ్ళకే చేరుతుంది. కనుక నంబరు దాచుకోవాలనిపించేలా ముందు ఏదైనా పనికొచ్చేది చెప్పాలి.

ఇక చట్టం సంగతి. దీని మీద కాస్త ఎక్కువ చెప్పక తప్పదు. 2016 నాటి రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం, అంటే రెరా, 2017 మే 1 నుంచి పూర్తిగా అమలులోకి వచ్చింది. 500 చదరపు మీటర్లు, అంటే సుమారు 598 గజాలు, మించిన లేఅవుటును రెరాలో నమోదు చేయకుండా ప్రచారం చేయరాదు, బయానా పుచ్చుకోరాదు. ఏజెంటు కూడా విడిగా నమోదు కావాలి. నమోదు కాని ప్రాజెక్టులో ప్లాటు అమ్మించినా, లేని సౌకర్యం వున్నదని చెప్పినా, తప్పు సాగిన ప్రతి రోజుకూ 10,000 రూపాయల జరిమానా. అది ఆ ఆస్తి ఖరీదులో 5 శాతం దాకా పోవచ్చు. ప్రకటన అంటే పేపర్లో వేసిందే అనుకోవద్దు. ఏ రూపంలో చేసిన ప్రచారమైనా ప్రకటనే, మన వాట్సాప్ స్టేటస్‌తో సహా. అందులో ప్రాజెక్టు రెరా నంబరూ, రెరా వెబ్‌సైటు చిరునామా స్పష్టంగా కనబడాలి.

"ప్రీలాంచ్" పేరిట, అనుమతులు రాకముందే తక్కువ ధరకు మొత్తం సొమ్ము కట్టించుకునే పద్ధతి హైదరాబాదు చుట్టూ బాగా ప్రబలింది. కమీషను ఎక్కువ కనుక కుర్రవాళ్ళకు ఆశ పుడుతుంది. ఒక్కసారి మన ఫోనులో వున్న పేర్లు చూసుకుందాం. మేనమామ, పిన్ని, హాస్టలు మిత్రుడు, ట్యూషన్ చెప్పిన మాస్టారు! మన మొదటి పోస్టు చేరేది వీళ్ళకే. బిల్డరు బోర్డు తిప్పేస్తే మొదట పోయేది వీళ్ళ సొమ్మే. పిన్ని పుస్తెలతాడు కుదువబెట్టి తెచ్చిన రూపాయి కూడా అందులో వుండవచ్చు. బిల్డరు ఫోను ఎత్తడు. మనం ఎత్తక తప్పదు.

ఫలితాన్ని లైకులతో కొలిచేవాళ్ళున్నారు. ఒక నోటుపుస్తకంలో నాలుగు గడులు గీస్తే అంతకంటే మేలు: ఎవరు అడిగారు, ఏ పోస్టు చూసి అడిగారు, స్థలం చూడ్డానికి వచ్చారా, బయానా యిచ్చారా. మూడు నెలలయ్యేసరికి ఏ పోస్టు పని చేసిందో ఆ పుస్తకమే చెబుతుంది. అడిగిన గంటలోపు జవాబివ్వడం కూడా ప్రణాళికలో భాగమే. తెలియనిదైతే "కనుక్కుని సాయంత్రం చెబుతానండీ" అని, సాయంత్రం తప్పక చెప్పాలి.

రిజిస్ట్రేషనయ్యాక ఆర్నెల్లకు మళ్ళీ వెళ్ళి, హద్దురాళ్ళు వున్నచోటే వున్నాయో లేదో వీడియో తీసి కొన్నవాళ్ళకు పంపే ఏజెంట్లు అరుదు. డాలస్ అబ్బాయి తన పక్కింటి తెలుగాయనకు చూపించేది ఆ వీడియోనే.