అస్ర్ తర్వాత మన పిల్లలు ఎక్కడున్నారు?

మా మక్తబ్‌లో చదివే పదకొండేళ్ల బాలుడొకడు మస్జిద్ పై అంతస్తుకు వెళుతూ మెట్ల మధ్యలోనే ఆయాసంతో కూలబడ్డాడు. వ్యాధి ఏదీ లేదనీ, శరీరానికి శ్రమ అలవాటు లేదనీ వైద్యుడు చెప్పారు. వాడి దినచర్య అడిగాను. ఫజ్ర్ తర్వాత ఖుర్ఆన్ పాఠం, ఆటోలో బడి, అస్ర్ తర్వాత మళ్లీ మక్తబ్, మగ్రిబ్ తర్వాత ట్యూషన్, ఇషా కాగానే భోజనం, నిద్ర. "మరి ఆడుకునేది ఎప్పుడు?" అన్నాను. "ఆదివారం, హజ్రత్" అన్నాడు. "ఆదివారం ఏం ఆడతావు?" "అమ్మీ ఫోను."

ఆ అస్ర్ తరగతి చెప్పేది నేనే. ఇమామ్ గజాలీ (రహ్మలై) తమ 'ఇహ్యా'లో, పాఠశాల నుండి వచ్చిన బాలుణ్ణి ఆడుకోనివ్వాలనీ, ఆట మాన్పించి సదా చదువుకే కట్టివేస్తే వాడి హృదయం మొద్దుబారి తెలివి నశిస్తుందనీ హెచ్చరించారు. విద్యార్థులకు ఆ మాట చెబుతూనే, వారి ఆటవేళను నేనే ఆక్రమించుకున్నాను.

5 నుండి 17 ఏళ్ల పిల్లలు సగటున రోజుకు 60 నిమిషాలు ఒంటికి చెమట పట్టేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఆ సంస్థ 2016 అంచనాల ప్రకారం ప్రపంచంలో 11 నుండి 17 ఏళ్ల వారిలో 81 శాతం మందికి అది లేదు. అబ్బాయిలలో 78 శాతం, అమ్మాయిలలో 85 శాతం.

పనిదినాల్లో కొరవడిన ఆట సెలవునాడు తీరుతుందని తల్లిదండ్రులు అనుకుంటారు. తరచుగా జరిగేది దానికి విరుద్ధం. బడి ఉన్ననాడు నడక, విరామంలో పరుగు, తోటిపిల్లలు ఎంతో కొంత ఉంటారు. సెలవునాడు ఆ ఏర్పాటే లేదు. ఆలస్యంగా లేవడం, తెర ముందు కూర్చోవడం, బంధువుల ఇంటికి వెళ్లినా అక్కడా కూర్చోవడమే. వీధి నిండా వాహనాలు. తండ్రి కూడా పడుకునే ఉంటే పిల్లవాడు ఎవరిని చూసి లేస్తాడు?

దైవప్రవక్త (స) శరీరానికీ మనపై హక్కున్నదని బోధించారు. సజ్దాలో ఉండగా మనుమడు వీపుపైకి ఎక్కితే, బిడ్డ ముచ్చట తీరేవరకు సజ్దాను దీర్ఘం చేశారు. పనిమీద పంపిన బాలుడు అనస్ (రజి) దారిలో ఆడుతున్న పిల్లల వద్ద ఆగిపోతే, కోపగించలేదు. వెనుక నుండి వచ్చి నవ్వుతూ పలకరించారు. హజ్రత్ ఆయిషా (ర.అన్హా)తో పరుగు పందెం వేశారు, మొదట ఆమె గెలిచారు, తరువాత ఎప్పుడో ఆయన గెలిచారు. మరి పదేళ్లు నిండగానే మన ఆడపిల్లల పరుగును పరదా పేరుతో ఎందుకు ఆపుతున్నాం? పరదా చూపులకు హద్దు పెట్టింది గాని, కాళ్లకు సంకెల వేయలేదు. ఇంటి మిద్దె, పెరడు, తాడాట, తొక్కుడు బిళ్ల, తల్లితో కలిసి నడక, ఇవేవీ నిషిద్ధం కావు.

నేను తరగతిని మగ్రిబ్ తర్వాతకు మార్చాను. ట్యూషన్‌కు అడ్డు వస్తున్నదని ఇద్దరు తండ్రులు పిల్లల్ని మాన్పించారు. అది నాకు బాధే. అయినా అస్ర్ నుండి మగ్రిబ్ వరకు పిల్లలు ఈద్గాహ్ మైదానంలో కబడ్డీ ఆడుతున్నారు. ఏడాదికి రెండు నమాజులకే నిండే ఆ నేల మిగతా రోజులు ఖాళీగానే ఉండేది గదా!

సోదరులారా! బిడ్డను మస్జిద్‌కు బండిపై కాక నడిపించి తీసుకురండి. సెలవునాడు ఫజ్ర్ తర్వాత తిరిగి పడుకోక, వాడితో అరగంట నడవండి. ట్యూషన్ వేళ నిర్ణయించే ముందు ఆటవేళను నిర్ణయించండి. వారి శరీరాలు మన వద్ద ఉంచబడిన అమానతు. ఆ అమానతును కాపాడే సద్బుద్ధిని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.