అన్ని కంప్యూటర్లలో ఒకే జవాబు: కంటైనర్ల సాయం ఎంతవరకు?

2019లో హవాయి విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక వింత ఫలితాన్ని ప్రచురించారు. సయనోబ్యాక్టీరియా నుంచి వేరుచేసిన కొన్ని పదార్థాల అణు నిర్మాణాన్ని నిర్ధారించడానికి వారు ఎన్‌ఎంఆర్ లెక్కలు చేసే పైథాన్ ప్రోగ్రామ్‌ను వాడారు. అది 2014లోనే ప్రచురితమై, రసాయన శాస్త్రవేత్తల వాడుకలో ఉన్నదే. ప్రోగ్రామ్ అదే, డేటా అదే. అయినా కంప్యూటర్ మారితే జవాబు మారింది. విండోస్ 10, మ్యాక్ ఓఎస్ మావెరిక్స్ ఉన్న కంప్యూటర్లు ఒకే విలువ ఇచ్చాయి. ఉబుంటు లినక్స్, మ్యాక్ ఓఎస్ మొజావే ఉన్నవి వేరే విలువలు ఇచ్చాయి.

కారణం చాలా చిన్నది. ఆ ప్రోగ్రామ్ ఫోల్డర్‌లోని ఫైళ్లను జతలుగా చదివి లెక్క కడుతుంది. ఆ ఫైళ్లు ఒక నిర్దిష్ట వరుసలో వస్తాయన్న నమ్మకంతో దాన్ని రాశారు. కానీ ఆ వరుసకు పైథాన్ హామీ ఇవ్వదు. ఆపరేటింగ్ సిస్టమ్ ఎలా అందిస్తే అలా తీసుకుంటుంది. వరుస మారిన చోట ఒక ఫైలులోని విలువ మరో దానితో జతపడింది. ప్రోగ్రామ్ ఆగిపోలేదు, హెచ్చరించనూ లేదు. తప్పు సంఖ్యను మామూలుగానే చూపించింది.

ఉష్ణోగ్రత, పీడనం రాయకుండా వాయువు ఘనపరిమాణం మాత్రమే నమోదు చేస్తే భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఎవరూ ఒప్పుకోరు. ప్రోగ్రామ్ నడిచే వాతావరణం కూడా అలాంటిదే. ఆపరేటింగ్ సిస్టమ్, భాష వెర్షన్, లైబ్రరీలు, సెట్టింగులు అన్నీ అందులో భాగం. కానీ చాలాసార్లు దాన్ని ఎవరూ రాసిపెట్టరు. వెబ్ అప్లికేషన్లు తయారుచేసేవారి నోట తరచూ వినిపించే 'నా సిస్టమ్‌లో బాగానే నడుస్తోందే' అనే మాటకు మూలం ఇదే. ఆ వాతావరణాన్ని రాసిపెట్టి, ఎక్కడైనా తిరిగి నిర్మించుకునే పద్ధతే కంటైనర్.

తేడా ఎక్కడ పుడుతుంది?

జిల్లాలవారీ వర్షపాతాన్ని పటంపై చూపే వెబ్ అప్లికేషన్‌ను ఇద్దరు విద్యార్థులు తయారుచేస్తున్నారనుకుందాం. ఒకరిది విండోస్ ల్యాప్‌టాప్, మరొకరిది ఉబుంటు. చివరికి అది నడవాల్సింది లినక్స్ సర్వర్‌లో. పటం ఫైలు పేరు ఇంగ్లిష్ పెద్దక్షరంతో మొదలై, ప్రోగ్రామ్‌లో అదే పేరు చిన్నక్షరంతో ఉంటే విండోస్ సాధారణంగా పట్టించుకోదు. లినక్స్‌కు మాత్రం అవి రెండు వేర్వేరు పేర్లు. ల్యాప్‌టాప్‌లో కనిపించిన పటం సర్వర్‌లో మాయమవుతుంది.

డేటాబేస్‌లోనూ ఇలాంటివి ఉన్నాయి. పేర్లను అక్షరక్రమంలో పేర్చే నియమాలను డేటాబేస్ చాలాసార్లు ఆపరేటింగ్ సిస్టమ్ నుంచే తీసుకుంటుంది. 2018లో లినక్స్‌లో ఎక్కువగా వాడే గ్లిబ్‌సీ లైబ్రరీ 2.28 వెర్షన్ వచ్చినప్పుడు ఆ నియమాలు బాగా మారాయి. పాత క్రమంలో తయారైన పోస్ట్‌గ్రెస్ ఇండెక్స్‌లు కొత్త క్రమంతో పొంతన తప్పాయి. ఉన్న సమాచారాన్నే లేదని చెప్పే ప్రమాదం ఏర్పడింది. ఇండెక్స్‌లను మళ్లీ నిర్మించుకోవాల్సి వచ్చింది.

పెట్టెలో ఏముంటుంది?

1956 ఏప్రిల్‌లో ఐడియల్ ఎక్స్ అనే నౌక 58 పెట్టెలతో అమెరికాలోని న్యూఆర్క్ నుంచి హ్యూస్టన్‌కు బయలుదేరింది. లోపలి సరుకు ఏదైనా బయటి పెట్టె ఒకే తీరున ఉంటే క్రేన్‌కు, లారీకి పని సులువవుతుంది. సాఫ్ట్‌వేర్ కంటైనర్ ఈ ఆలోచననే అరువు తెచ్చుకుంది. అప్లికేషన్‌తో పాటు దానికి కావలసిన పైథాన్, లైబ్రరీలు, సిస్టమ్ ఫైళ్లు అన్నీ ఒకే మూటగా ఉంటాయి. ఆ మూటను 'ఇమేజ్' అంటారు. దాన్ని నడిపినప్పుడు ఏర్పడేది కంటైనర్. ఒకే ఇమేజ్ నుంచి ఎన్ని కంటైనర్లయినా నడపవచ్చు.

ఇది కంప్యూటర్‌లో మరో పూర్తి కంప్యూటర్ కాదు. వర్చువల్ మెషీన్‌కు సొంత కెర్నెల్ ఉంటుంది. కంటైనర్లు మాత్రం ఒకే లినక్స్ కెర్నెల్‌ను పంచుకుంటాయి. 'నేమ్‌స్పేస్' అనే ఏర్పాటు వల్ల లోపలి ప్రోగ్రామ్‌కు తన ఫైళ్లు, తన ప్రాసెస్‌లు, తన నెట్‌వర్క్ మాత్రమే కనిపిస్తాయి. 2008లో కెర్నెల్‌లో చేరిన 'సీగ్రూప్స్' అది ఎంత మెమరీ, ఎంత ప్రాసెసర్ వాడుకోవచ్చో నియంత్రిస్తుంది. వీటిని మామూలు ప్రోగ్రామర్ చేతికి అందేలా మలిచిన డాకర్‌ను సాలమన్ హైక్స్ 2013 మార్చిలో పైకాన్ సదస్సులో చూపించారు. విండోస్, మ్యాక్‌లలో డాకర్ ముందు ఒక చిన్న లినక్స్ వర్చువల్ మెషీన్‌ను నడిపి, అందులో కంటైనర్లను ఉంచుతుంది. అందుకే 4 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్ ఈ పనికి ఇబ్బంది పడుతుంది.

రెండు ఫైళ్లతో ఏర్పాటు

మన వర్షపాతం అప్లికేషన్‌కు రెండు ఫైళ్లు చాలు. మొదటిది డాకర్‌ఫైల్. పైథాన్ 3.12 ఉన్న ఇమేజ్‌తో మొదలుపెట్టు, లైబ్రరీల జాబితాను లోపలికి తీసుకో, వాటిని ఇన్‌స్టాల్ చెయ్యి, ఆ తర్వాత మా ప్రోగ్రామ్‌ను చేర్చు అని అందులో వరుసగా ఉంటుంది. ఈ వరుసకు కారణముంది. ప్రతి మెట్టూ ఒక పొరగా నిల్వ అవుతుంది. ప్రోగ్రామ్‌లో ఒక అక్షరం మారితే చివరి పొర మాత్రమే మళ్లీ తయారవుతుంది; లైబ్రరీలను మళ్లీ డౌన్‌లోడ్ చేయనక్కరలేదు. మొబైల్ డేటాతో పనిచేసేవారికి ఇది పెద్ద ఊరట.

రెండోది కంపోజ్ ఫైల్. వెబ్ అప్లికేషన్ ఒక కంటైనర్, పోస్ట్‌గ్రెస్ 16 డేటాబేస్ మరో కంటైనర్, రెండింటికీ ఒక నెట్‌వర్క్ అని ఇందులో చెబుతాం. ఆ తర్వాత ఒకే ఆదేశంతో రెండూ మొదలవుతాయి.

కొత్తవారు ఎక్కువగా తడబడేది మూడు చోట్ల. మొదటిది చిరునామా. కంటైనర్ లోపల లోకల్‌హోస్ట్ అంటే ఆ కంటైనరే. కాబట్టి డేటాబేస్‌ను లోకల్‌హోస్ట్‌లో వెతికితే దొరకదు. కంపోజ్ ఫైల్‌లో దానికి పెట్టిన పేరుతోనే పిలవాలి. రెండోది సమయం. డేటాబేస్ కంటైనర్ మొదలవడం వేరు, ప్రశ్నలకు జవాబివ్వడానికి సిద్ధమవడం వేరు. సిద్ధమైందో లేదో పరీక్షించే 'హెల్త్‌చెక్' పెట్టి, అది నెగ్గాకే వెబ్ అప్లికేషన్ మొదలయ్యేలా రాయాలి. మూడోది డేటా. కంటైనర్‌ను తొలగిస్తే లోపల రాసినదంతా పోతుంది. వర్షపాతం రికార్డులు నిలవాలంటే వాటిని 'వాల్యూమ్' అనే విడి నిల్వలో ఉంచాలి.

పెట్టె ఆపలేనివి

కంటైనర్ పెట్టుకున్నాం కాబట్టి ఇక జవాబు మారదనుకోవడం పొరపాటు. ఇమేజ్ పేరు పక్కన 'లేటెస్ట్' అని రాస్తే ఈరోజు వచ్చేదీ ఆరు నెలల తర్వాత వచ్చేదీ ఒకటి కాకపోవచ్చు. భాషకూ, డేటాబేస్‌కూ, ప్రతి లైబ్రరీకీ వెర్షన్ సంఖ్య రాయాలి. 2020 నుంచి వస్తున్న యాపిల్ ఎం శ్రేణి ప్రాసెసర్లకూ, ఇంటెల్ ప్రాసెసర్లకూ వేర్వేరు ఇమేజ్‌లు కావాలి. దశాంశాల చివరి అంకెల్లో తేడాలు వచ్చే అవకాశం అక్కడా ఉంది.

మరో సూక్ష్మం ఉంది. మార్పులు వెంటనే కనిపించాలని ప్రోగ్రామ్ ఫోల్డర్‌ను ల్యాప్‌టాప్ నుంచి కంటైనర్‌కు నేరుగా జోడిస్తారు. అప్పుడు ఆ ఫైళ్ల స్వభావం ల్యాప్‌టాప్‌దే. మ్యాక్‌లో ఇలా జోడించిన ఫోల్డర్ సాధారణంగా పెద్దక్షరం, చిన్నక్షరం తేడా చూడదు. పటం మాయమయ్యే లోపం అక్కడ బయటపడదు. ప్రోగ్రామ్‌ను ఇమేజ్‌లోకి పూర్తిగా చేర్చి పరీక్షించినప్పుడే తెలుస్తుంది.

హవాయి పరిశోధకులు ఎదుర్కొన్న సమస్యకూ ఇదే వర్తిస్తుంది. డేటా ఫోల్డర్‌ను బయటి నుంచి జోడించి ఉంటే ఫైళ్ల వరుస కంటైనర్‌లోనూ మారి ఉండవచ్చు. అసలు మందు ఫైళ్లను ముందుగా క్రమంలో పేర్చమని ప్రోగ్రామ్‌లోనే రాయడం. కంటైనర్ చేసే మేలు వేరు. తేడా వచ్చినప్పుడు అనుమానించాల్సిన వాటి జాబితాను అది బాగా కుదిస్తుంది. మిగిలినవి కెర్నెల్, ప్రాసెసర్, బయటి నుంచి వచ్చిన డేటా, మన సొంత ప్రోగ్రామ్.

ఏర్పాటు సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి తేలికైన పరీక్ష ఒకటుంది. వాల్యూమ్‌ను భద్రంగా ఉంచి, కంటైనర్లనూ ఇమేజ్‌లనూ తొలగించి మొదటి నుంచి నిర్మించండి. తర్వాత అదే ఫోల్డర్‌ను వేరే ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న స్నేహితుడికి ఇచ్చి, ఫోన్‌లో ఏమీ వివరించకుండా నడపమనండి. అతను ఎక్కడ ఆగి మిమ్మల్ని అడుగుతాడో, మీరు ఇంకా రాసిపెట్టని విషయం అక్కడే ఉంది.