దండయాత్ర సన్నగిల్లు వేళ: 1812 రష్యా యుద్ధము

యుద్ధవార్తలు చదువునపుడు మన దృష్టి సాధారణముగా పటము మీదనే నిలుచును. ఏ పట్టణము పడిపోయినది, ఏ నదిని దాటినారు, రాజధానికి ఇంకెంత దూరమున్నది అనునవే మనము అడుగు ప్రశ్నలు. ముందుకు నడచు సైన్యము గెలుచుచున్నదనియు, వెనుకకు తగ్గు సైన్యము ఓడుచున్నదనియు తలచుట సహజము. చరిత్ర ఈ భావమును పలుమార్లు తలక్రిందులు చేసినది. పట్టణము వెంట పట్టణమును గెలుచుకొనుచునే ఒక మహాసైన్యము లోలోపల కరగిపోవచ్చును. ఆ కరుగుదలను ముందుగా గుర్తించుటెట్లు? ఈ ప్రశ్నకు 1812లో నెపోలియన్ రష్యాపై సాగించిన దండయాత్రను మించిన ఉదాహరణము లేదని మా అభిప్రాయము.

1812 జూన్ 24న నెపోలియన్ సేనలు నీమన్ నదిని దాటి రష్యా సామ్రాజ్యములో అడుగుపెట్టినవి. షార్ల్ మినార్ అను ఫ్రెంచి ఇంజనీరు 1869లో గీసిన సుప్రసిద్ధ పటము ప్రకారము నదిని దాటినవారు 4,22,000 మంది. ఫ్రెంచివారే గాక పోలండు, ఇటలీ, జర్మను రాజ్యముల సైనికులును అందులో ఉన్నారు. అక్కడినుండి మాస్కోకు 900 కిలోమీటర్లకు పైబడిన మార్గము. నెపోలియన్ అంత దూరము పోవలెనని తలచినవాడు కాడు. సరిహద్దుకు దగ్గరలోనే రష్యా సైన్యమును ఒక్క పెద్ద యుద్ధములో విరిచివేసి, జారు అలెగ్జాండరుచేత సంధి చేయించుకొనవలెనని ఆయన ఆలోచన.

మొదటి గుర్తు గుఱ్ఱముల వద్ద కనబడినది. ఆ సైన్యము వెంట లక్షన్నరకు తక్కువగాని గుఱ్ఱములున్నవి. ఒక్కొక్క దానికి దినమునకు సుమారు 9, 10 కిలోల మేత కావలెను. మొత్తము ఎంతయగునో విద్యార్థులే లెక్కవేసుకొనవచ్చును. అంత మేతను బండ్లపై తేవలెనన్నచో, ఆ బండ్లను లాగు గుఱ్ఱములకును మేత కావలెను గదా! అందుచేత పొలములలో దొరకిన కోతకు రాని పచ్చిపైరును మేపినారు. దానితో కడుపునొప్పి పుట్టి అవి కూలినవి. జూన్ చివర కురిసిన చలివానలో వేలకొలది గుఱ్ఱములు చచ్చినవి. ఇంకను పెద్ద యుద్ధమొకటియైనను జరుగలేదు! లాగు గుఱ్ఱములు లేక కొన్ని ఫిరంగులను విల్నా పట్టణములోనే విడువవలసి వచ్చినది. ధాన్యపు బండ్లు బురదలో దిగబడగా సైనికులు ఊళ్లమీద పడి దోచుకొనసాగినారు. దోపిడికై చెదరినవారిలో అనేకులు మరల తమ పటాలమునకు చేరలేదు. గుఱ్ఱపుదళము బలహీనపడుటతో శత్రువెక్కడ ఉన్నాడో తెలుసుకొనుటయు దుర్లభమైనది.

ఉర్దూ చదువు మన విద్యార్థులకు ‘రసద్’ అను మాట తెలిసినదే. తెలుగులో అది ‘రస్తు’ అయినది. మన దక్కనులో మొగలు సైన్యములకు రస్తును చేరవేసినవారు బంజారాలు, అనగా లంబాడీలు. వారి ఎద్దులు వీపున ధాన్యము మోయుచు, దారి వెంట గడ్డి మేయుచు నడచెడివి. మెల్లగా నడచినను తమ మేతను తామే వెదకుకొనెడివి. ఐరోపాలో అందరికంటె వేగముగా నడచు సైన్యమని పేరుపొందిన నెపోలియన్ దండుకు ఇట్టి ఏర్పాటు లేకపోయినది.

రెండవ గుర్తు విరామములు. విల్నాలో రెండు వారములకు పైగా, విటెబ్స్క్‌లో రమారమి రెండు వారములు ఆయన ఆగినాడు. ఆగుట దోషము కాదు. ప్రతి విరామము తరువాత సైన్యము పూర్వముకంటె బలముగా లేచినదా, లేదా అనునదే చూడవలసినది. ఇక్కడ లేవలేదు. పైగా ముందుకు పోయినకొలది వెనుకనున్న మార్గమును కాపాడుటకు మనుష్యులు కావలసి వచ్చినారు. ఉత్తరమున రీగా దిక్కున మక్డొనాల్డును, పొలొత్స్క్ వద్ద ఊదినోను, దక్షిణమున ఆస్ట్రియా సేనాని ష్వార్జెన్‌బెర్గును నిలుపవలసి వచ్చినది. గెలిచిన ప్రతి పట్టణమును కావలికాండ్రను అడిగినది. మినార్ పటములో స్మోలెన్స్క్ వద్దకు 1,45,000 మంది, మాస్కోకు లక్షమంది మాత్రమే చేరినారు. తగ్గినవారిలో కొందరు పార్శ్వములందు నిలిచినవారు. తక్కినవారిని రోగము, ఆకలి, అలసట, యుద్ధము తీసుకొనిపోయినవి.

ఇంతకంటె ముఖ్యమైనది ఎదుటి సైన్యము స్థితి. బార్క్లే ద తొల్లి వెనుకకు తగ్గుచుండెనేగాని చెదరిపోలేదు. ఆయనను పిరికివాడని రష్యనులే నిందించినారు. ఆయన స్థానమున వచ్చిన కుతుజోవ్ సహితము ఒక్క బొరొదినోలో తప్ప అదే పద్ధతిని అనుసరించినాడు. సెప్టెంబరు 7న జరిగిన ఆ యుద్ధములో ఫ్రెంచివారు సుమారు 30 వేలమందిని, రష్యనులు అంతకంటె ఎక్కువమందిని కోల్పోయినారు. సేనానులు వేడుకొన్నను నెపోలియన్ తన అంగరక్షక పటాలమును యుద్ధములోనికి దింపలేదు. స్వదేశమునకు అంత దూరమున చేతనున్న చివరి బలగమును పణముగా పెట్టుటకు ఆయనకు ధైర్యము చాలలేదు. కొందరు దీనిని వివేకమందురు, కొందరు అవకాశమును జారవిడుచుట అందురు. ఏదియైనను, ఎన్నడును సాహసమునకు వెనుదీయని సేనాని తుది నిలువను దాచుకొన్నాడనగా అదియును ఒక గుర్తే.

సెప్టెంబరు 14న మాస్కో చేతికి చిక్కినది. పటము చూచువారికి అది విజయశిఖరము. నగరము కాలిపోయినది, అధికభాగము బూడిద అయినది. గెలిచినవాడు సంధికై లేఖలు పంపగా, ఓడినవాడు బదులు పలుకలేదు. అక్టోబరు మొదటి వారములో లొరిస్టన్ అను దూతను కుతుజోవ్ వద్దకు పంపినను ఫలితము లేకపోయినది. సంధికి తొందరపడుచున్నది ఎవరో, తీరికగా కూర్చున్నది ఎవరో చూచినచో యుద్ధము ఎటు తిరిగినదో తెలియగలదు. ఐదు వారములు వ్యర్థముగా గడపి, అక్టోబరు 19న ఆయన మాస్కోను విడిచినాడు. 24న మలొయరొస్లావెట్స్‌లో పోరాటభూమి ఫ్రెంచివారికే దక్కినది. అయినను దక్షిణ మార్గమున సాగలేక, వచ్చునపుడు తామే దోచి బీడుచేసిన స్మోలెన్స్క్ దారికే మరలినారు.

రష్యాను చలికాలము కాపాడినదను మాట పాఠశాలలనుండి వినుచున్నాము. ఇది సగము సత్యము. 4,22,000 మంది లక్షకు తగ్గినది వేసవిలోను, శరత్కాలారంభములోను. మంచు ఆ మిగిలిన లక్షపై పడినది. మంచుపై జారకుండునట్లు గుఱ్ఱములకు మేకుల లాడములను కొట్టించు శ్రద్ధయైనను తీసుకొనలేదు. మినార్ లెక్కలో మరల నీమన్ దాటినవారు 10,000 మంది.

ఈ యుద్ధములో రష్యా పక్షమున పనిచేసిన క్లాజవిట్జ్ అను ప్రష్యా సైనికాధికారి, తన మరణానంతరము 1832లో వెలువడిన యుద్ధశాస్త్ర గ్రంథములో ఈ విషయమును చర్చించినాడు. ప్రతి దాడికిని ఒక పరాకాష్ఠ గలదనియు, దానిని దాటి ముందుకు పోయినచో బలము తిరుగబడుననియు ఆయన సిద్ధాంతము. కాని ఈ గుర్తులు కనబడగానే రక్షించుకొనువాడు గెలిచినట్లు ఎంచరాదు. 1806లో ఇదే నెపోలియన్ ప్రష్యాపైకి అంతే వేగముగా నడచినాడు. అక్టోబరు 14న యేనాలో ప్రష్యా సైన్యము విరిగిపోగా, 27న బెర్లిను ప్రవేశించినాడు. శత్రువు ముందే విరిగినందున ఆ దాడికి పరాకాష్ఠ దాటు అవసరము కలుగలేదు.

మన గోలకొండనే చూడుడు. 1687లో ముట్టడి వేసిన ఔరంగజేబు శిబిరములో వర్షములు, ధాన్యపు కొఱత, అంటువ్యాధులు తాండవించినవి. కోటగోడ క్రింద పెట్టిన మందుగుండు ముట్టడించినవారిపైననే పేలినది. చూచినవారు మొగలులు మరలిపోవుదురనియే తలచియుందురు. సుమారు ఎనిమిది మాసముల పిమ్మట ధనాశకు లోబడిన ఒక కోట అధికారి తలుపు తెరువగా గోలకొండ పడిపోయినది. దాడి అలసిపోయినను, రక్షణ అంతకుముందే లోపలినుండి విరుగవచ్చును. ఇరువైపుల లెక్కను కలిపి చదువవలసియున్నది.

1812లో ఆ పరాకాష్ఠ ఎక్కడ? విటెబ్స్క్ అని కొందరు, మాస్కోయే అని కొందరు వాదింతురు. మేము స్మోలెన్స్క్ వైపు మొగ్గుదుము. అక్కడ లక్షన్నరకు దగ్గరగా సైన్యమున్నది. పార్శ్వసేనలతో సంబంధము తెగలేదు. చలికాలము గడపుటకు నెలల వ్యవధి ఉన్నది. ఆగస్టు చివరి వారములో ఆయన దానిని విడిచి తూర్పునకు కదలినాడు. నవంబరు 9న మరల ఆ పట్టణమునకు చేరినపుడు, ఆకలిగొన్న సైనికులు క్రమము తప్పి గిడ్డంగులపై పడి దోచుకొన్నారు. ఐదు దినములకే అక్కడినుండియు కదలవలసి వచ్చినది.