బూడిద మీద పూచిన అడవి

అమెరికా వెళ్లొచ్చినవాళ్లు సాధారణంగా నయాగరా ఫొటోలు చూపిస్తారు. మా అమ్మాయి పోర్ట్‌లాండ్‌లో ఉండటంవల్ల 2019 ఆగస్టులో మాకు ఒక అగ్నిపర్వతాన్ని చూసే అవకాశం దొరికింది. వాషింగ్టన్ రాష్ట్రంలో, గిఫర్డ్ పిన్‌షో జాతీయ అరణ్యంలో ఉన్న సెయింట్ హెలెన్స్ అది.

1980 మే 18 ఉదయం ఆ పర్వతం ఉత్తరపు పక్క కూలి, పేలిపోయింది. 57 మంది చనిపోయారు. శిఖరం ఎత్తు సుమారు 400 మీటర్లు తగ్గింది. 1982లో అక్కడి ప్రభుత్వం 1,10,000 ఎకరాలను రక్షిత ప్రాంతంగా ప్రకటించి, నేల దానంతటదే కోలుకోనివ్వాలని నిర్ణయించింది. మా బ్యాంకు లెక్కలో అయితే అది మొండిబాకీ కింద కొట్టేయవలసిన ఖాతా!

విండీ రిడ్జ్ దగ్గర కారు ఆపి కాలిబాట పట్టాము. కింద స్పిరిట్ సరస్సులో ఆనాడు కొట్టుకొచ్చిన మానులు 39 ఏళ్ల తర్వాత కూడా తేలుతూనే ఉన్నాయి. బూడిదనేల మీద మొట్టమొదట మొలిచింది లూపిన్ అనే చిన్న మొక్కట. మన జనుము, పిల్లిపెసర కుటుంబానిదే. గాలిలోని నత్రజనిని పట్టి నేలకిస్తుంది. బొరియల్లో దాగి బతికిన ఎలుకజాతి ప్రాణులు అడుగునున్న పాతమట్టిని పైకి తోడాయి. మనిషి నాటింది కాదు ఈ పచ్చదనం.

అందుకే బాట దిగకూడదు, ఏదీ ఏరకూడదు అని బోర్డులున్నాయి. అయినా నీళ్లలో తేలే రాయి కదా అని ఒక చిన్న ముక్క జేబులో వేసుకున్నాను. అమ్మాయి చూసింది. "నాన్నా, తీసినచోటే పెట్టెయ్యండి. వచ్చినవాళ్లందరూ ఒక్కొక్కటి పట్టుకెళ్తే?" అంది. ముప్పై ఏళ్లు ఇతరుల సంతకాలు సరిచూసినవాణ్ణి, ఒక రాయి దగ్గర దొరికిపోయాను. వెనక్కి నడిచి పెట్టి వచ్చాను.

మర్నాడు దక్షిణం వైపున్న ఏప్ కేవ్‌కు వెళ్లాము. సుమారు 2,000 ఏళ్ల కిందట లావా పారిన సొరంగం. పొడవు 4 కిలోమీటర్లు. ఆగస్టులోనూ లోపల 5, 6 డిగ్రీలే. మనిషికి రెండు టార్చిలు, స్వెట్టరు, గట్టి బూట్లు తప్పనిసరి. తినుబండారాలు తీసుకెళ్లకూడదు. పై భాగంలో బండలెక్కాలి, మోకాళ్ల నొప్పులవారికి కుదరదు. కింది భాగం సులువు. మా ఆవిడ శాలువా కప్పుకుని మాకంటే ముందు నడిచింది. చివర అందరం టార్చిలు ఆర్పి చూశాము. పక్కనున్న ఆమె చెయ్యి కూడా కనబడలేదు. "ఇక వెలిగించండీ" అన్న గొంతు మాత్రం వినబడింది.