మన ఎఫ్‌పీఓ ఖాతాకు కంచె వేశారా?

పురుగు చేనంతా పాకాక కషాయం కాస్తే ఏం లాభం? ఎఫ్‌పీఓ డబ్బుకు సైబర్ మోసగాళ్లతోనూ అంతే. ముందే ఈ ఐదు పనులు చేసి పెట్టుకోండి.

1. సంఘం మెయిల్‌కు, వాట్సాప్‌కు టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టండి. పని మానేసినవాళ్ల లాగిన్ అదే రోజు తీసేయండి.

2. "మా బ్యాంకు ఖాతా మారింది, కొత్తదాంట్లో వేయండి" అని విత్తనాల వ్యాపారి పేరుతో మెసేజ్ వస్తే వెంటనే పంపొద్దు. మీ దగ్గరున్న పాత నంబరుకు ఫోన్ చేసి అడగండి. పెద్ద మొత్తాలకు ఇద్దరి ఆమోదం ఉండాలి.

3. పీఎం కిసాన్ పేరుతో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైల్ నొక్కొద్దు. మనకు డబ్బు రావడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు.

4. సభ్యుల జాబితా, లెక్కలు వారానికోసారి హార్డ్ డిస్క్‌లో కాపీ చేసి, డిస్క్ ఊడదీసి దాచండి. కంప్యూటర్‌కు తగిలించే ఉంచితే రాన్సమ్‌వేర్ దానికీ తాళం వేస్తుంది.

5. మోసం జరిగితే 1930కి ఎవరు, బ్యాంకుకు ఎవరు ఫోన్ చేయాలో ఇప్పుడే పేర్లు రాసి గోడకు అంటించండి. ఎంత త్వరగా చెబితే, డబ్బును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

సెట్టింగ్స్ ఎలా మార్చాలో వీడియోలో చూసి, వచ్చే మీటింగులో అందరికీ చూపించండి.